ఐరిష్ 101 క్లాసు ఇంజను, 21 మి.మీ. గేజి: ప్రాజెక్టు డైరీ

జనవరి

ఈసారి మోడల్ కట్టడానికి బల్ల మీదికి ఎక్కింది ఐర్లండ్‌లోని గ్రేట్ సదరన్ అండ్ వెస్టర్న్ రైల్వే వాళ్ల 101 క్లాసు ఆవిరి ఇంజను. తర్వాతి రోజుల్లో దీనికి జే15 అన్న పేరు స్థిరపడింది. ఐర్లండ్ ఆవిరి ఇంజన్ల గురించి కాస్త తెలిసిన వాళ్లని ఎవర్ని కదిపినా ముందు దీని మాటే వస్తుంది, ఎందుకంటే 1866 నుంచి 1903 దాకా ఈ ఒక్క నమూనా మీద 111 ఇంజన్లు కట్టారు, ఆ దేశంలో మరే క్లాసూ ఆ సంఖ్య దరిదాపుల్లోకి రాలేదు. 0-6-0 అమరిక, అంటే ముందూ వెనకా మోసే చిన్న చక్రాలేమీ లేకుండా ఉన్న ఆరు చక్రాలూ లాగేవే. రెండు సిలిండర్లూ ఫ్రేముల లోపల, స్టీఫెన్‌సన్ వాల్వ్ గేరు (సిలిండర్లలోకి ఆవిరిని వదిలే ఏర్పాటు) కూడా లోపలే. బయటి నుంచి చూస్తే కనిపించేది ఒక పొడవాటి బాయిలర్, చక్రాలని కలిపే కప్లింగ్ రాడ్లు, వెనకాల బొగ్గూ నీళ్లూ మోసే ఆరు చక్రాల టెండరు, అంతే. హంగు లేదు. నాకు నచ్చింది కూడా అదే.

మోడల్ కొలత అడుగుకి 4 మి.మీ., అంటే 1:76.2. ఎచింగ్ చేసిన, అంటే ఆమ్లంతో భాగాలు చెక్కిన ఇత్తడి, జర్మన్ సిల్వర్ రేకుల కిట్ ఒకటి తీసుకున్నాను, ఫ్రేములు మాత్రం చాలావరకు నా పద్ధతిలో కట్టుకుంటాను. కారణం గేజి, అంటే రెండు పట్టాల మధ్య దూరం.

ఐర్లండ్ బ్రాడ్ గేజి 5 అడుగుల 3 అంగుళాలు, 1600 మి.మీ. మన బ్రాడ్ గేజి 1676, దానికన్నా మూడు అంగుళాలు తక్కువన్నమాట. ఆ అంకె వచ్చిన కథ బాగుంటుంది. డబ్లిన్ నుంచి కింగ్స్‌టౌన్ వెళ్లే లైను 1834లో ఇంగ్లండ్ లాగా 4 అడుగుల 8½ అంగుళాలతో వేశారు, ఉత్తరాన అల్స్టర్ రైల్వే 6 అడుగుల 2 అంగుళాలతో వేసింది, డబ్లిన్–డ్రోగెడా వాళ్లేమో 5 అడుగుల 2 అంగుళాలు అన్నారు. ఈ గొడవ తేల్చాల్సిన పని సైన్యంలో ఇంజినీరైన పాస్లీ మీద పడితే ఆయన ఇంజినీర్లందర్నీ సలహా అడిగి, అటూ ఇటూ కాకుండా 5 అడుగుల 3 అంగుళాల దగ్గర తేల్చారు, 1846లో అదే చట్టమయింది. బ్రెజిల్‌లోనూ ఆస్ట్రేలియాలో విక్టోరియా వైపునా ఇప్పటికీ ఈ గేజి ఉంది.

ఇప్పుడు దీన్ని 4 మి.మీ. కొలతలోకి తెస్తే సరిగ్గా 21 మి.మీ. వస్తుంది, మిగులూ తగులూ లేదు. ఈ కొలత మోడళ్లకి మామూలుగా వాడే ఓఓ రకం పట్టాలు 16.5 మి.మీ. ఐరిష్ ఇంజన్ని ఆ పట్టాల మీద నడిపితే 4.5 మి.మీ. తేడా, నిజం కొలతలో చూస్తే 13½ అంగుళాలు. ముందు నుంచి చూసినప్పుడు చక్రాలు బాగా లోపలికి వెళ్లిపోయి, పై భాగమంతా పక్కలకి వేలాడుతున్నట్టు ఉంటుంది. చాలామంది సర్దుకుపోతారు, దానికి తగిన కారణాలూ ఉన్నాయి, రెడీమేడ్ పాయింట్లూ (బండి దారి మార్చే పట్టాలు) చక్రాలూ అన్నీ 16.5కే దొరుకుతాయి కాబట్టి. నేను సర్దుకోదలుచుకోలేదు. కుదురుగా నిలబడే తీరు ఈ ఇంజనుకి అందం, వెడల్పాటి పట్టాల మీద పొట్టిగా, స్థిరంగా కూర్చుంటుంది, ఆ నిలకడ పోతే ఇక మిగిలేది ఇంగ్లండ్‌లో ఎక్కడైనా కనిపించే 0-6-0.

ఇంకా జనవరే: ఏ ఇంజను?

రేకు ముట్టుకునే ముందు తేల్చుకోవాల్సింది ఇది. "ఒక 101 క్లాసు కడతాను" అంటే కుదరదు. ఫలానా నంబరు, ఫలానా కాలం అని అనుకున్నాకే రంపం తీయాలి.

ఆ రైల్వే ఇంజన్ల విభాగానికి పెద్దగా అలెగ్జాండర్ మెక్‌డోనెల్ 1864లో ఇంచికోర్‌కి వచ్చేటప్పటికి అక్కడ రకరకాల ఇంజన్లు, ఒకదాని సామాను మరోదానికి సరిపోని పరిస్థితి. డబ్లిన్‌లో హ్యూస్టన్ స్టేషన్ నుంచి కార్క్ వైపు బండెక్కితే కాసేపటికే కనిపించే వర్క్‌షాపు అదే, 1846లో మొదలైంది, ఇప్పటికీ పని నడుస్తోంది. మెక్‌డోనెల్ చేసింది, ఒక మంచి నమూనా ఎంచుకుని దాని విడిభాగాలన్నీ ఒకే కొలతకి తేవడం. కొన్ని ఇంచికోర్‌లోనే కట్టారు, కొన్ని మాంచెస్టర్‌లో బేయర్ పీకాక్, షార్ప్ స్టువర్ట్ కంపెనీల చేత కట్టించారు. ఆయన తర్వాత యాస్పినాల్ వచ్చారు, ఐవాట్ వచ్చారు, కోయ్ వచ్చారు. వీళ్లలో యాస్పినాల్, ఐవాట్ తర్వాత ఇంగ్లండ్ వెళ్లి అక్కడి పెద్ద రైల్వేల్లో గొప్ప పేరు తెచ్చుకున్న వాళ్లు, సొంత డిజైన్ చేయగల సత్తా లేక కాదు, గూడ్స్ ఇంజను అవసరమైనప్పుడల్లా మెక్‌డోనెల్ నమూనానే మళ్లీ కట్టుకుంటూ పోయారు. ఒక డిజైను ఇంతకన్నా గట్టి మెప్పు పొందడం నేనెక్కడా చూడలేదు.

కానీ ఒకే నమూనా అన్నది కట్టిన రోజు మాట. వాటిలో చాలా ఇంజన్లు ఎనభై తొంభై ఏళ్లు పని చేశాయి. ఆ కాలంలో బాయిలర్లు మారాయి: మొదటి గుండ్రటి పైభాగం ఉన్నవి కొన్నిటికి అలాగే ఉండిపోయాయి, కొన్నిటికి భుజాలు చదరంగా ఉండే బెల్పేర్ ఫైర్‌బాక్సు, ఆవిరిని ఇంకా వేడెక్కించే సూపర్‌హీటరు వచ్చాయి, వాటితో పాటు బాయిలరు ముందు పొగ చేరే స్మోక్‌బాక్సు ముందుకి పెరిగింది. సిలిండర్లు 17 అంగుళాల నుంచి 18 అంగుళాలకి పెరిగాయి. స్మోక్‌బాక్సుకి పాత రోజుల్లో బీరువా లాగా రెండు రెక్కల తలుపులు, తర్వాత ఒకే గుండ్రటి తలుపు. టెండర్లు ఒకదాని నుంచి ఒకదానికి మారుతూ తిరిగాయి. వర్క్‌షాపుకి వచ్చినప్పుడు చేతికి అందిన మంచి భాగం ఏదో అది బిగించి పంపేసేవాళ్లు, అందుకోసమే కదా మెక్‌డోనెల్ అన్నీ ఒకే కొలతకి తెచ్చింది. దాని ఫలితంగా 1930లలో తీసిన ఫొటోలు ముందేసుకుంటే ఒకదానితో ఒకటి అచ్చంగా సరిపోయే రెండు ఇంజన్లు దొరకడం కష్టం.

నేను 184 తీసుకున్నాను. 1880లో ఇంచికోర్‌లోనే కట్టింది, గుండ్రటి పైభాగం బాయిలరు, సూపర్‌హీటరు లేదు. దీని తోటిది 186 కూడా మిగిలింది, అది 1879లో షార్ప్ స్టువర్ట్ కట్టింది, దానికి బెల్పేర్ బాయిలరు, టెండరూ పెద్దదే. మొత్తం 111లో తుక్కుకి పోకుండా మిగిలినవి ఈ రెండే, రెండూ 1964లో పుట్టిన రైల్వే ప్రిజర్వేషన్ సొసైటీ ఆఫ్ ఐర్లండ్ దగ్గర ఉన్నాయి. నా కాలం 1930ల చివర, గ్రేట్ సదరన్ రైల్వేస్ రోజులు. ఫొటోల ప్రింట్లు తీసి బల్ల ఎదురుగా గోడకి అంటించాను. కిట్ సూచనల కాగితం డ్రాయర్లోకి వెళ్లింది.

ఫిబ్రవరి: ఫ్రేములు, ఇరుసులు

కిట్‌తో మూడు వెడల్పుల అడ్డపట్టీలు ఇచ్చారు, వాటిలో అన్నిటికన్నా వెడల్పుది 21 మి.మీ. గేజికి. ఒకే ఇరుసు మీది రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య నేను పెట్టుకున్న దూరం 19.3 మి.మీ., ఫ్రేములు దాని లోపల ఒక్కో పక్క అర మిల్లీమీటరు పైన ఖాళీతో నిలబడాలి. నేను నడపబోయే వంపులు పెద్దవే కాబట్టి ఆ ఖాళీ చాలు.

ఫ్రేములు రెండూ జర్మన్ సిల్వర్. ముందు రెండు రేకుల్నీ వీపు వీపు కలిపి రెండు మూడు చోట్ల టంకం చుక్కలతో అతికించి, ఇరుసు రంధ్రాలు రెండిటికీ కలిపి ఒకేసారి రీమర్‌తో (రంధ్రాన్ని సరైన కొలతకి నున్నగా తీసే పనిముట్టు) తీసి, అప్పుడు విడదీశాను. ఇలా చేస్తే ఎడమా కుడీ రంధ్రాలు ఎదురెదురుగా ఉంటాయన్న భరోసా ఉంటుంది. విడివిడిగా చేసి తర్వాత సరిచూసుకుందాం అనుకునే వాళ్లకి నా సలహా, అలా చేయొద్దు, ఈ ఒక్క చోట తొందరపడితే ఇంజను బతికినంత కాలం కుంటుతుంది.

వెనక ఇరుసు కదలకుండా, ముందు రెండు ఇరుసులూ పైకీ కిందకీ కొద్దిగా ఆడేలా కట్టాను. ఆ రెండిటి మీదా మధ్యలో ఒక ఇత్తడి దూలం ఆనుతుంది, అది నడుమన పిన్ను మీద ఊగుతుంది. పట్టాలో ఎత్తుపల్లాలు ఉంటే ఒక చక్రం లేస్తే రెండోది దిగుతుంది, ఆరు చక్రాలూ ఎప్పుడూ పట్టా మీదే ఉంటాయి. కరెంటు పట్టాల నుంచి చక్రాల ద్వారానే రావాలి కాబట్టి ఇది నడకకి ఎంత అవసరమో కరెంటుకీ అంతే అవసరం.

కప్లింగ్ రాడ్ల విషయం. నిజం ఇంజనులో ఎడమ పక్క క్రాంకుకీ కుడి పక్క క్రాంకుకీ 90 డిగ్రీల తేడా ఉంటుంది, ఒక పక్క సిలిండరు చివరి బిందువు దగ్గర చచ్చుబడినప్పుడు రెండోది లాగడానికి. మోడల్లో లాగేది మోటరే అయినా ఆ కోణం ఉండాల్సిందే, లేకపోతే రాడ్లు చక్రాల్ని ముందుకి తిప్పాలో వెనక్కి తిప్పాలో తేలక బిగుసుకుంటాయి. ఇంకా చెప్పాలంటే కచ్చితంగా 90 కాకపోయినా పర్వాలేదు, మూడు ఇరుసులకీ ఒకే కోణం ఉండటం ముఖ్యం. కోణం తప్పకుండా పట్టి ఉంచే చిన్న జిగ్ మీద పెట్టి బిగించాను. రాడ్లు ఒక్కోదీ రెండు పొరల ఎచింగ్, ముందూ వెనకా కలిపి టంకం వేసి అంచులు ఆకురాయితో గీసేస్తే మధ్య గీత కనపడదు. మధ్య చక్రం దగ్గర కీలు ఉంచాను, ఇరుసులు ఆడుతున్నప్పుడు రాడ్డు కూడా అక్కడ వంగాలి కదా.

మోటరు లేకుండా ఉత్త ఫ్రేముని చేత్తో వాలు మీద వదిలితే దానంతట అది దొర్లుకుంటూ వచ్చేసింది. ఆ సాయంత్రం ఇంట్లో అందరికీ పిలిచి చూపించాను.

మార్చి: మోటరు, గేర్లు

గూడ్స్ ఇంజన్లకి కొంతమంది చేతికి దొరికిన గేర్‌బాక్సు పెట్టేస్తారు, తర్వాత అవి ఎక్స్‌ప్రెస్ బండిలా పరిగెత్తుతాయి, మెల్లగా పొమ్మంటే ఆగిపోతాయి. లెక్క వేసుకుంటే ఆ బాధ ఉండదు. నిజం చక్రం 5 అడుగుల 1¾ అంగుళాలు, మోడల్లో 20.58 మి.మీ., నాకు దొరికింది 20.5. చుట్టుకొలత 64 మి.మీ. పైచిలుకు. ఈ ఇంజను గంటకి 40 మైళ్లకి మించి పోనక్కర్లేదని నా నిర్ణయం. 40 మైళ్లని 76.2తో భాగిస్తే సెకనుకి దాదాపు 235 మి.మీ., అంటే చక్రం నిమిషానికి 220 చుట్లు. నా మోటరు 12 వోల్టుల దగ్గర 12,000 చుట్లు తిరుగుతుంది. భాగిస్తే సుమారు 54. అందుకే 54:1 గేర్‌బాక్సు తెప్పించాను. నిలువుగా ఫైర్‌బాక్సులోకి దూరిపోయింది, క్యాబు లోపలికి ఒక్క మిల్లీమీటరు కూడా పొడుచుకు రాలేదు.

ఇప్పుడు దీని నడక కాస్త ఆగి చూడండి, పూర్తి వోల్టేజీలో కూడా ఇది తొందరపడదు, తక్కువ వోల్టేజీలో రాడ్లు ఒక్కో చుట్టూ లెక్కపెట్టుకునేంత నెమ్మదిగా తిరుగుతాయి. ఈ ఇంజన్లు చేసిన పని అలాంటిదే. 18 అంగుళాల వ్యాసం, 24 అంగుళాల స్ట్రోకు సిలిండర్లు, 160 పౌండ్ల ఆవిరి, ఈ చక్రాలతో లెక్కేస్తే లాగుడు శక్తి 17,000 పౌండ్ల పైన వస్తుంది. ఇంగ్లండ్ లెక్కల్లో చిన్న అంకే. కానీ ఇంజను తేలిక, కాబట్టి పెద్ద ఇంజన్లని రానివ్వని బలహీనమైన బ్రాంచి పట్టాల మీదికి, వంతెనల మీదికి ఇది వెళ్లగలిగేది. కెర్రీలో ఫారన్‌ఫోర్ నుంచి వాలెన్షియా హార్బర్ దాకా కొండ అంచునే సముద్రం మీదుగా పోయే బ్రాంచి ఒకటి ఉండేది, ఐరోపా రైలు మార్గాల్లో పడమటి కొసకి చేరిన వాటిలో అదొకటి, 1960లో మూసేశారు. అక్కడా ఈ క్లాసే. సంతల రోజుల్లో పశువుల బండ్లు లాగిందీ ఇదే. శరదృతువులో కార్లో, థర్లెస్, మాలో, ట్యూమ్ చక్కెర ఫ్యాక్టరీలకి బీట్ దుంపలు మోసే సీజన్లో డీజిల్ ఇంజన్లు చాలక 1960ల మొదట్లో కూడా షెడ్లలోంచి వీటిని మళ్లీ బయటికి తీసేవాళ్లు.

కరెంటు కోసం: ఇంజను ఆరు చక్రాల నుంచీ, టెండరు ఆరు చక్రాల నుంచీ కూడా తీసుకుంటున్నాను. ఫాస్ఫర్ బ్రాంజ్ తీగ, చక్రం వెనక పక్కని ఊరికే తాకేంత. గట్టిగా నొక్కితే బ్రేకు వేసినట్టే. డిజిటల్ సంకేతాలతో ఇంజన్ని నడిపించే డీసీసీ డీకోడరు, దాంతో పాటు కరెంటు ఒక క్షణం తెగినా ఆదుకునే కెపాసిటరు, రెండూ టెండర్లో నీళ్ల ట్యాంకు ఉండాల్సిన చోట.

ఏప్రిల్: బాయిలరు, ఫుట్‌ప్లేటు

ఈ నెలంతా టంకంతోనే గడిచింది.

బాయిలరు రేకు ముందే గుండ్రంగా చుట్టి ఇచ్చారు, కానీ కింద కలవాల్సిన అంచులు రెండూ కలవకుండా మిల్లీమీటరున్నర విడిపోయి ఉన్నాయి. ముందు స్టవ్ మంట మీద ఎర్రగా కాకముందే తీసేసేలా కొద్దిగా కాల్చాను, ఇత్తడి మెత్తబడింది, అప్పుడు ఒక స్టీలు కడ్డీకి చుట్టి బొటనవేళ్లతో నొక్కుతూ పోతే దారికొచ్చింది. లోపల అంచు వెంట ఒక పట్టీ పెట్టి టంకం వేశాను. పెద్ద రేకు వేడిని ఎంత పెట్టినా మింగేస్తుంది, చిన్న సాల్డరింగ్ ఐరన్‌తో గంటసేపు కష్టపడే బదులు 80 వాట్లది తీసుకుని త్వరగా పెట్టి త్వరగా తీసేయడం మేలు, లేకపోతే ఆ మూల కరిగించేలోపు ఈ మూల ఊడుతుంది.

టంకం మూడు రకాలు వాడుతున్నాను. ముందు వేసే పెద్ద అతుకులకి 188 డిగ్రీలది, దాని పక్కనే తర్వాత వేయాల్సిన వాటికి 145ది, తెల్ల లోహం పోతలకి, అంటే అచ్చులో పోసి చేసిన భాగాలకి 70ది. ఈ వరసలో వెళ్తే ముందు వేసింది తర్వాత వేసేదాని వేడికి కరగదు. పొగగొట్టం, డోము రెండూ తెల్ల లోహం పోతలు. 70 డిగ్రీల టంకం ఇత్తడికి నేరుగా పట్టదు, ముందు ఇత్తడి మీద ఆ చోట 145ది పల్చగా పూసి, ఆ పూత మీద పోతని నిలబెట్టి, ఐరన్ ఉష్ణోగ్రత బాగా తగ్గించి 70ది పారించాలి. ఐరన్ వేడిగా ఉంటే పోత మొత్తం కళ్లముందే గుంటై పోతుంది, పొగగొట్టం లాంటి అందమైన పోత విషయంలో ఎంత టెన్షన్ ఉంటుందో చేసిన వాళ్లకి తెలుసు. పొగగొట్టం నిలువుగా ఉందా లేదా అన్నది ముందు నుంచి, పక్క నుంచి, పై నుంచి, మూడు వైపులా చూశాకే ముట్టించాను.

చక్రాల పై భాగాన్ని కప్పే స్ప్లాషర్లు ఎక్కువ పని పెట్టాయి. నిజం చక్రం అంచు ఒక అంగుళం పైన ఉంటుంది, కొలతకి తెస్తే 0.37 మి.మీ. మోడల్ చక్రానికి అంచు 0.6 దాకా ఉంది, పైగా ఇరుసు ఆడినప్పుడు ఇంకాస్త పైకి లేస్తుంది. గేజి వెడల్పు చేసినందువల్ల చక్రాలు కూడా బయటికి జరిగాయి, స్ప్లాషరు ముందు పలక లోపలి వైపు తగలడానికి సిద్ధంగా ఉన్నాయి. ఆ పలకల లోపలి ముఖాన్ని ఆకురాయితో పల్చబరిచాను, పై వంపు లోపల వైపు కూడా. బయటికి ఏమీ తెలియదు. ఏ మెటల్ భాగమూ చక్రానికి తగలకుండా లోపల సన్నగా ఎపాక్సీ పూశాను, షార్టు కాకుండా.

ప్రతి రోజూ పని ముగించగానే కడగడం. టంకం పట్టడానికి పూసే ఫ్లక్సు ఆమ్లం, మిగిలిపోతే ఇత్తడి మీద పచ్చగా చిలుము పడుతుంది, రంగు కింద నుంచి అది పైకి వస్తుంది. గోరువెచ్చటి నీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి అందులో కాసేపు నానబెట్టి పాత టూత్ బ్రష్షుతో రుద్దుతున్నాను. ఇంట్లో ఇత్తడి బిందెలు చింతపండుతో తోమడం చూస్తూ పెరిగిన వాళ్లకి ఇది కొత్తేమీ కాదు, రెండిట్లోనూ పని చేసేది ఆమ్లమే.

మే: వైట్‌హెడ్, టెండరు

ఉత్తరాన ఆంట్రిమ్ కౌంటీలో వైట్‌హెడ్ అని ఊరు, బెల్‌ఫాస్ట్ నుంచి లార్న్ వెళ్లే లైను మీద సముద్రం పక్కన. 184, 186 ఉన్న ప్రిజర్వేషన్ సొసైటీ వాళ్ల వర్క్‌షాపు, మ్యూజియం అక్కడే. 186ని దగ్గర్నుంచి చూడటానికి వెళ్లాను. నా మోడల్ 184 అయినా చక్రాలు, ఫ్రేముల తీరు, కప్లింగ్ రాడ్ల ఆకారం, ఫుట్‌ప్లేటు కింద కనపడని సామాను, ఇవన్నీ ఫొటోలో ఎంత వెతికినా దొరకవు. టేపుతో కొలిచాను, కొలిచే చోట స్కేలు పెట్టి ఫొటోలు తీశాను.

అక్కడ వాలంటీరుగా పని చేసే ఒక పెద్దాయన నేను ఎడమ వైపు మాత్రమే కొలుస్తుంటే చూసి, "కుడి వైపు కూడా కొలుచుకో బాబూ, రెండూ ఒకటే అనుకోకు, పైపులు ఎవరికి కుదిరిన చోట వాళ్లు వేసుకుంటూ వచ్చారు" అన్నారు. నిజంగానే పైపుల దారి ఆ పక్కా ఈ పక్కా వేరు. ఆయన ఇంకో మాట కూడా చెప్పారు, ఫైర్‌మన్‌కి ఈ ఇంజను మంచిదట, బొగ్గు ఎలాంటిదైనా ఓపిగ్గా చూసుకుంటే ఆవిరి ఇస్తుందట. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బ్రిటన్ నుంచి మంచి బొగ్గు రావడం ఆగిపోయి ఐర్లండ్‌లో బండ్లు దారిలోనే మంట ఊడ్చుకుని మళ్లీ రాజేసుకుంటూ గంటల తరబడి నడిచిన సంగతి చదివాను కాబట్టి ఆ మాట బరువు నాకు అర్థమైంది.

186 టెండరు పెద్దది. దాన్ని చూసి వచ్చాక 184 పాత తరహా చిన్న టెండరు కట్టడం మొదలుపెట్టాను. ఇది తేలిగ్గా అయిపోయింది, పెట్టె కదా. స్ప్రింగులు మాత్రం ఒక్కోటీ శుభ్రం చేసి విడిగా అతికించాలి. రివెట్లు కిట్‌లో వెనక వైపు నుంచి సగం ఎచ్ చేసి ఇచ్చారు, మొద్దు సూదితో ఒక్కోదాన్నీ నొక్కి పైకి లేపాలి. రేడియో పెట్టుకుని చేశాను.

ఇంజనుకీ టెండరుకీ మధ్య దూరం గురించి ఒక మాట. రెడీమేడ్ మోడళ్లలో వంపులు తిరగడానికి అక్కడ పెద్ద సందు వదులుతారు, ఫైర్‌మన్ బొగ్గు పార పట్టుకుని ఆ సందులోంచి కింద పడతాడు. నా వంపులు పెద్దవి కాబట్టి సందు నిజం కొలతకి దగ్గరగా తెచ్చి, మీద ఊగే పలక వేశాను.

జూన్: రంగు

ఇక్కడే చాలామంది నాతో విభేదిస్తారు. నల్ల రంగు వేయమన్నారు, అంచుల వెంట రంగు గీతలు (లైనింగు) గీయమన్నారు. గ్రేట్ సదరన్ రైల్వేస్ 1925లో ఏర్పడ్డాక ఇంజన్లన్నిటికీ ఒకటే రంగు, ముదురు బూడిద. బాయిలరు, క్యాబు, చక్రాలు, ఫ్రేములు, స్మోక్‌బాక్సు, పొగగొట్టం, అన్నీ. బఫర్ బీము ఒక్కటే ఎరుపు. స్మోక్‌బాక్సుకి నలుపు వేసే అలవాటు బ్రిటిష్ మోడళ్ల నుంచి వచ్చింది, ఇక్కడ అది పనికిరాదు. పొగ, మసి పట్టి పై భాగం నల్లబడేది, అది వాడకం వల్ల వచ్చిన నలుపు, దాన్ని అలాగే చూపించాలి.

ముందు లోహానికి పట్టే ఎచ్ ప్రైమరు, ఎయిర్‌బ్రష్‌తో పల్చగా. ఆ తర్వాత బూడిద రంగు మూడు పల్చటి పూతలు, మధ్యలో ఆరనిచ్చి. ఈ కొలతలో చిన్న వస్తువు మీద రంగు నిజం రంగుకన్నా ముదురుగా కనిపిస్తుంది, అందుకని కొద్దిగా తెలుపు కలిపాను. స్మోక్‌బాక్సు మీద వేడికి మాడినట్టు గోధుమ ఛాయ, పొగగొట్టం చుట్టూ మసి, చక్రాల ఆకుల మధ్య నూనె, టెండరు పక్కల నీళ్లు కారిన తెల్ల చారలు. ఎక్కువ వేయలేదు. గూడ్స్ ఇంజను మురికిగా ఉండేదే అయినా ఇరుసుల దగ్గర నూనె వేసి చూసుకున్న మనిషి ఒకడు ఉన్నాడని కనిపించాలి.

నంబరు ప్లేట్లు క్యాబు పక్కల ఎచింగ్ చేసినవి, నిజం వాటి లాగే పైకి లేచిన అంకెలతో. ప్లేటు మొత్తం బూడిద రంగు వేసి, ఆరాక అంకెల మీదా చుట్టూ గట్టు మీదా మాత్రం లేత పసుపు అద్దాను. 1-8-4. బొగ్గు నిజం బొగ్గే, సుత్తితో కొట్టి జల్లెడ పట్టింది.

జూలై: పట్టాల మీద

మొత్తం బరువు తూచాను, తేలిక అనిపించింది. బాయిలర్లో సీసం రేకు చుట్టి నింపాను, ముందు ఇరుసుల మీద కొంచెం ఎక్కువ పడేలా చూశాను, వెనక మోటరు బరువు ఉంది కదా. ఇప్పుడు కొద్దిగా ఎక్కుడు ఉన్న నా టెస్టు ట్రాకు మీద పాతవి డజనుకి పైగా వ్యాగన్లు జారకుండా లాగుతోంది. నెమ్మది నడక నేను కోరుకున్నట్టే ఉంది. 21 మి.మీ. పాయింటు ఒకటి చేత్తో కట్టింది ఉంది, దాని మీద టెండరు ముందు ఇరుసు తూలుతోంది. ఆ ఇరుసు కూడా దూలం మీదికి మార్చాలి, వచ్చే వారం పని అది.

దీని వెనక తగిలించాల్సిన వ్యాగన్లు వేరే. ఐర్లండ్‌లో కప్పు మధ్యలో తెరిచి ఉండి, ఆ ఖాళీ మీద టార్పాలిన్ కప్పుకునే వ్యాగన్లు వాడేవాళ్లు. పశువులకీ సరుకుకీ రెండిటికీ పనికొచ్చేవి, కప్పు గుడ్డదే కాబట్టి వాటిని సాఫ్ట్ టాప్ అంటారు. అలాంటివి ఆరు, ఒక బ్రేక్ వ్యాను కట్టాలి. టార్పాలిన్ కోసం సిగరెట్ కాగితం, పల్చటి టిష్యూ రెండూ జిగురు నీళ్లతో ప్రయత్నిస్తున్నాను, మడతలు టిష్యూలోనే బాగా వస్తున్నాయి. మొదటి వ్యాగను పక్కలు ప్లాస్టిక్ షీటు మీద గీసి కోయడం మొదలైంది.